ఈఎస్‌ఈ ఈ అండ్ టీ పేపర్ 2: ఏసీఓ, డీసీఓ మాడ్యూళ్లను ఎలా చదవాలి

చిక్కడపల్లి లైబ్రరీలో, అశోక్‌నగర్ రీడింగ్ రూముల్లో ఈఎస్‌ఈ (ఇంజినీరింగ్ సర్వీసెస్ ఎగ్జామ్) ఎలక్ట్రానిక్స్ అండ్ టెలికమ్యూనికేషన్ పేపర్ 2 చదువుతున్న చాలామంది ఫైబర్ చాప్టర్‌ని లింక్ బడ్జెట్ దగ్గరే ఆపేస్తుంటారు. కోహెరెంట్ మాడ్యూళ్లను, అంటే కాంతి తీవ్రతతో పాటు ఫేజ్‌ని కూడా వాడే ఆప్టికల్ మాడ్యూళ్లను, వదిలేయకండి ఫ్రెండ్స్. వీటిలో రెండు రకాలు: ఏసీఓ (అనలాగ్ కోహెరెంట్ ఆప్టిక్స్), డీసీఓ (డిజిటల్ కోహెరెంట్ ఆప్టిక్స్). సిలబస్‌లోని బ్లాక్ స్కీమాటిక్స్, సిస్టమ్ డిజైన్ కిందికి ఇవీ వస్తాయి, ఇంటర్వ్యూలోనూ పనికొస్తాయి.

ముందు రిసీవర్ బొమ్మ వేయండి. ఫైబర్‌లో వచ్చిన కాంతి పోలరైజేషన్ స్ప్లిటర్ దగ్గర రెండుగా చీలి, 90 డిగ్రీల హైబ్రిడ్లలో లోకల్ ఆసిలేటర్ లేజర్‌తో కలుస్తుంది. ఆ తర్వాత నాలుగు బ్యాలెన్స్‌డ్ ఫొటోడయోడ్ జతలు, నాలుగు టీఐఏలు (కరెంటుని వోల్టేజీగా మార్చే యాంప్లిఫయర్లు), నాలుగు ఏడీసీలు (అనలాగ్‌ని డిజిటల్‌గా మార్చేవి), చివర్న డీఎస్‌పీ (డిజిటల్ సిగ్నల్ ప్రాసెసర్). ఇప్పుడు మాడ్యూల్ హద్దు గీయండి. గీత టీఐఏల తర్వాత పడితే ఏసీఓ; ఏడీసీ, డీఎస్‌పీ హోస్ట్ లైన్ కార్డు (మాడ్యూల్‌ని గుచ్చే బోర్డు) మీద ఉంటాయి. డీఎస్‌పీ దాటాక పడితే డీసీఓ. ఈ గీత పట్టుబడితే తేడాల టేబుల్ బట్టీ కొట్టక్కర్లేదు.

ఏసీఓ అంటే అనలాగ్ మాడ్యులేషన్ అని రాస్తే మార్కులు పోయినట్టే. రెండింట్లోనూ ఫైబర్ మీద వెళ్లేది డీపీ-క్యూపీఎస్‌కే, 16-క్వామ్ లాంటి డిజిటల్ మాడ్యులేషన్లే. అనలాగ్ అన్నది మాడ్యూల్‌కీ, హోస్ట్ బోర్డుకీ మధ్య ఉన్న కనెక్టర్ దాటే సిగ్నల్‌కి సంబంధించిన మాట.

అసలు చిక్కు ఆ కనెక్టర్ దగ్గరే. ఫ్రీక్వెన్సీ పెరిగే కొద్దీ ఇన్సర్షన్ లాస్ పెరుగుతుంది, రిఫ్లెక్షన్లు, క్రాస్‌టాక్ తోడవుతాయి. 32 గిగాబాడ్ దగ్గర సింబల్ కాలం 31.25 పికోసెకన్లే. బోర్డు మీద ఐ, క్యూ (సిగ్నల్‌లో 90 డిగ్రీల ఫేజ్ తేడా ఉన్న రెండు భాగాలు) ట్రేసుల పొడవులో ఒక మిల్లీమీటరు తేడా వస్తే సుమారు 6 పికోసెకన్ల స్క్యూ (చేరే సమయంలో తేడా), అంటే సింబల్‌లో ఐదో వంతు. దాన్ని డీఎస్‌పీ సరిచేయగలదు కానీ ఆ మాడ్యూల్‌కీ, ఆ బోర్డుకీ కలిపి క్యాలిబ్రేట్ చేయాలి. ఒక కంపెనీ మాడ్యూల్ తీసి ఇంకోటి పెట్టడం అందుకే తేలిక కాదు. డీసీఓలో కనెక్టర్ దాటేవి డిజిటల్ లేన్లు. 400జీకి 50జీ పామ్4 (నాలుగు స్థాయిల సిగ్నల్) లేన్లు ఎనిమిది.

డీసీఓతో వచ్చే ఇబ్బంది వేడి. పాత డీఎస్‌పీ చిప్పుల వేడిని సీఎఫ్‌పీ2 అనే సైజు మాడ్యూల్ లాంటి చిన్న డబ్బా తట్టుకోలేదు కాబట్టే ఓఐఎఫ్ (ఆప్టికల్ పరిశ్రమ ప్రమాణాల సంస్థ) 2016లో సీఎఫ్‌పీ2-ఏసీఓ ఒప్పందం తెచ్చింది. 7 నానోమీటర్ చిప్పులొచ్చాక డీఎస్‌పీ క్యూఎస్‌ఎఫ్‌పీ-డీడీ అనే ఇంకా చిన్న మాడ్యూల్‌లోనే ఇమిడింది. 400జీ కోహెరెంట్ లింకులకు ఓఐఎఫ్ ప్రమాణం 400జెడ్‌ఆర్ 2020లో వచ్చింది.

ఒక లెక్క చేసి చూడండి. 400జెడ్‌ఆర్ 59.84 గిగాబాడ్, 16-క్వామ్, రెండు పోలరైజేషన్లు: 59.84 × 4 × 2 = 478.7 జీబీపీఎస్. 400 పైన ఉన్నదంతా ఎఫ్‌ఈసీ (తప్పులు సరిదిద్దే కోడ్), ఫ్రేమింగ్ ఓవర్‌హెడ్. ఫైబర్ డిస్పర్షన్ కిలోమీటరుకు 17 పీఎస్/ఎన్‌ఎం అనుకుంటే 80 కిలోమీటర్లకు 17 × 80 = 1360 పీఎస్/ఎన్‌ఎం. స్పెక్ట్రమ్ వెడల్పు 1550 నానోమీటర్ల దగ్గర సుమారు 0.48 ఎన్‌ఎం, కాబట్టి పల్స్ 650 పికోసెకన్ల దాకా పరుచుకుంటుంది, సింబల్ 16.7 పికోసెకన్లు కనుక దాదాపు 39 సింబళ్లు కలిసిపోతాయి. గిగాహెర్ట్జ్‌ని నానోమీటర్లలోకి మార్చేటప్పుడు తరంగదైర్ఘ్యం వర్గాన్ని కాంతి వేగంతో భాగించడం మరవకండి. ఈ డిస్పర్షన్‌ని సరిచేసేది డీఎస్‌పీ. అది ఎక్కడున్నా ఆ పని చేస్తుంది కాబట్టి దీన్ని డీసీఓ లాభాల్లో రాయకూడదు.