నోర్స్క్‌ప్రోవెన్ మౌఖిక పరీక్షకు సమాసాలు నేనెలా చదివానంటే

నార్వే పౌరసత్వానికి మౌఖికంలో బీ1 (భాషలో మధ్యస్థాయి) కావాలనే నియమం 2022 అక్టోబర్‌లో వచ్చింది. అంతకుముందు దానికి ఒక మెట్టు కిందిదైన ఏ2 సరిపోయేది. ఆ స్థాయిని తేల్చే నార్వేజియన్ భాషా పరీక్ష నోర్స్క్‌ప్రోవెన్‌కు సిద్ధమవుతున్న మనవాళ్లకు నేను గట్టిగా చెప్పేది: సమాసాలకు విడిగా టైమ్ కేటాయించండి.

నార్వేజియన్‌లో రెండు మూడు మాటల్ని కలిపి ఒకే పదంగా రాస్తారు. 'ఒప్‌హోల్స్‌టిల్లాటెల్సె' లాంటిది చూసి టెన్షన్ పడకండి, వెనక నుంచి విడదీయండి. టిల్లాటెల్సె అంటే అనుమతి, ఒప్‌హోల్ అంటే నివాసం. మన 'రాజభటుడు'లో భటుడే ముఖ్యమైనట్టు ఇక్కడా చివరి మాటదే పెత్తనం. లింగం, బహువచనం దాన్నిబట్టే వస్తాయి. హూస్ (ఇల్లు) 'ఎట్' పదం (నపుంసకలింగం) కనుక స్యూకెహూస్ (ఆసుపత్రి) కూడా 'ఎట్'. అందుకే నోట్సులో పదాలను చివరి మాట ప్రకారం రాసుకున్నాను. 'కొర్ట్' (కార్డు) పేజీలో ఫోరెర్‌కొర్ట్ (డ్రైవింగ్ లైసెన్స్), బాంక్‌కొర్ట్ (బ్యాంకు కార్డు), అన్నీ 'ఎట్'. లింగాలు బట్టీ పట్టే పని చాలావరకు తగ్గింది.

పలికేటప్పుడు మాత్రం లెక్క తిరగబడుతుంది. ప్రధానమైన ఊనిక (నొక్కి పలకడం) మొదటి మాట మీద పడుతుంది. బార్నెహాగె (పిల్లల బడి)లో 'బార్' గట్టిగా, 'హా' కాస్త తేలిగ్గా. తేలిగ్గా అన్నా దాని దీర్ఘం పోకూడదు. తెలుగులో అక్షరాలన్నీ ఇంచుమించు సమానంగా పలుకుతాం కాబట్టి ఇది సాధన చేస్తేనే వస్తుంది. 'ట్యూన్‌ఫిస్క్‌బీటెర్' ఒకే ఊనికతో అంటే ట్యూనా ముక్కలు. రెండు మాటలకూ సమానంగా ఊనిక ఇస్తే 'ట్యూనా కరుస్తుంది' అనే వాక్యం అయిపోతుంది!

ఇంకొకటి, చాలామంది తడబడేది ఇక్కడే. ఊనిక మొదటి అక్షరం మీద అని కాదు, మొదటి మాటకు సహజంగా ఎక్కడ ఉంటే అక్కడే. ఊనివెర్సిటేట్ (విశ్వవిద్యాలయం)లో అది 'టేట్' మీద ఉంటుంది, వెనక స్యూకెహూస్ చేరినా అక్కడే నిలుస్తుంది.

సమాసంలో రెండు మాటల మధ్య వచ్చే 'స్'కి పూర్తి సూత్రం లేదు. షూన్, హేట్, టేట్, స్కాప్‌లతో ముగిసే మాటలకు మామూలుగా వస్తుంది: ఇన్ఫర్మషూన్స్‌మోతె (సమాచార సమావేశం), సిక్కెర్‌హేట్స్‌బెల్టె (సీటు బెల్టు). మిగతావి పదంతోపాటే నేర్చుకోండి.

మనకు కలిసొచ్చేదీ ఒకటుంది. ఊనిక పడిన చోట అచ్చు దీర్ఘం కావాలి, లేదా దాని తర్వాతి హల్లు ఒత్తి పలకాలి. టాక్ అంటే పైకప్పు, టక్క్ అంటే థాంక్స్. దీర్ఘం, ద్విత్వం చిన్నప్పటి నుంచి మన నోటికి అలవాటే.

ఓస్లోలో ఉంటే మెట్రో ప్రకటనలు వింటూ వెంటనే పలకండి. యేర్న్‌బానెతోర్గె మంచి సాధన: ఇనుము, దారి, కూడలి మూడూ కలిసిన పేరు, ఊనిక 'యేర్న్' మీద. పరీక్షలో ఇంకో అభ్యర్థితో కలిసి మాట్లాడే భాగం ఉంటుంది కాబట్టి, ఇదే సాధన ఒక స్నేహితుడితో సంభాషణలోనూ చేయండి.