అహ్మదాబాద్ పోల్ ఇళ్ల మధ్య

కాలుపూర్ స్వామినారాయణ్ మందిరం నుంచి జామా మసీదు దాకా నగరపాలక సంస్థ 1997 నుంచి హెరిటేజ్ వాక్ నడుపుతోంది. అహ్మదాబాద్‌లో అడుగుపెట్టగానే నేను వెళ్లింది దానికే. 2017లో యునెస్కో ప్రపంచ వారసత్వ నగరంగా గుర్తించిన ఊరిది. దేశంలో ఆ గుర్తింపు మొదట దక్కింది దీనికే. ఒక్క కట్టడమైతే చుట్టూ గోడ కట్టి, టికెట్ పెట్టి కాపాడుకోవచ్చు. జనం కాపురముంటున్న ఊరినే కాపాడాలంటే ఎలా? అది చూడాలనే వెళ్లాను.

పోల్ అంటే ఒకే ప్రధాన ద్వారమున్న వాడ. లోపలికి పోయేకొద్దీ సందులు చీలిపోతుంటాయి, కొన్ని ఎవరి గుమ్మం ముందో ఆగిపోతాయి. మధ్యలో స్తంభం మీద చబూత్రో, పక్షులకు గింజలు వేసే చిన్న గూడు. లంబేశ్వర్ పోల్‌లో కవి దల్పత్‌రామ్ ఇల్లున్న చోట ఆయన విగ్రహాన్ని కూర్చోబెట్టారు. మా వెంట నడిచినవాళ్లంతా అక్కడ ఫొటోలు దిగారు. నా కళ్లు మాత్రం పక్క ఇంటి గోడ మీదే ఉన్నాయి.

ఆ గోడకు పెచ్చులూడి లోపలి కట్టుబడి బయటపడింది. కొన్ని వరసల ఇటుక, దానిపైన అడ్డంగా ఒక కొయ్య దూలం, మళ్లీ ఇటుక. 2001 భూకంపంలో ఈ నగరంలో కాంక్రీటు అపార్ట్‌మెంట్లు కూలి వందలమంది చనిపోయారు. పాతబస్తీలో ఇలా కట్టిన ఇళ్లు చాలావరకు తట్టుకున్నాయి. గోడ ఊగినా విడిపోకుండా ఆ దూలాలు పట్టి ఉంచుతాయి. అదే గోడకు కింది భాగంలో ఎవరో సిమెంటు పూశారు. సున్నమైతే గోడలోని తేమను బయటికి వదిలేది. సిమెంటు దాన్ని లోపలే బిగించేస్తుంది. పూత అంచున ఇటుక పొడిపొడిగా రాలుతోంది, వేలు పెడితే చాలు.

ఆ ఇంటావిడ లోపలికి రమ్మన్నారు. మన మండువా లోగిలిలాగే నడుమ ఆకాశం కనిపించే చౌక్, దాని కింద టాంకా. కప్పు మీద పడ్డ వాన గొట్టం గుండా ఆ తొట్టిలోకి దిగేదట. ఇప్పుడు కుళాయి నీళ్లే వాడుతున్నారు. "పిల్లలు నది అవతల ఫ్లాట్ కొన్నారు, నన్నూ వచ్చేయమంటారు. నేను వెళితే ఇది గోడౌన్ అయిపోతుంది" అన్నారావిడ. ఆ సందులోనే మరో ఇంటికి తాళం, ముందు అట్టపెట్టెల గుట్ట. చెక్కడపు స్తంభం ఉండాల్సిన చోట ఇనుప పైపు నిలబెట్టారు. అలాంటి స్తంభాలకు పురాతన వస్తువుల బజారులో మంచి ధర పలుకుతుంది మరి.

ఇలాంటి ఇళ్ల కోసమే బదిలీ చేయగల నిర్మాణ హక్కు, టీడీఆర్, తెచ్చారు. వారసత్వ జాబితాలో ఉన్న ఇంటి యజమాని తాను పైకి కట్టుకోలేని అంతస్తుల హక్కును వేరేచోట కట్టుకునే బిల్డర్‌కు అమ్ముకోవచ్చు. ఆ డబ్బు ఇంటి మరమ్మతుకు వాడాలి. మంచి ఆలోచనే, కాదనను. కానీ తాతల నాటి ఇంటికి అన్నదమ్ముల పిల్లలు, వాళ్ల పిల్లలు కలిసి ఎంతమంది వాటాదారులో! అందరి సంతకాలూ ఒక చోటికి చేరేదాకా కారే కప్పు ఆగుతుందా? ముందు కప్పుకీ గోడకీ తక్కువ వడ్డీకి అప్పిచ్చి, వాటాల లెక్క తర్వాత తేల్చుకోనివ్వాలని నాకు గట్టిగా అనిపించింది.

1424లో కట్టిన జామా మసీదు దగ్గర నడక ముగిసింది. పాత భూకంపంలో, 1819లో, దాని మినార్లు విరిగాయి. మిగతా మసీదు నేటికీ నమాజులతో నడుస్తోంది. గైడ్‌తో అప్పు సంగతి అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "డబ్బు దొరుకుతుందండీ. ఆ దూలం తీసి అదే కొలతకు కొత్తది దించే వడ్రంగి ఎక్కడ? ముందు వాళ్లకి ఏడాది పొడవునా పని చూపించమనండి" అన్నారు. ఆ మాటా నిజమే. అయినా పని చూపించాలంటే మళ్లీ ఇంటివాళ్ల చేతిలో డబ్బుండాలి కదా అంటూ మానెక్ చౌక్ దాకా ఆయనతో వాదిస్తూనే నడిచాను.