కూర్చోబెట్టినా తరిగిపోతోంది

ఉదయం వెళ్లేసరికి పంపులు తిరుగుతూనే ఉన్నాయి, ట్యూబు ఎక్కడా కారలేదు. కరెంటుని ద్రావణాల్లో దాచి, వాటిని పంపులతో సెల్‌లోకి తిప్పే ఫ్లో బ్యాటరీ పనిలో అదే సగం పండగ.

సెల్‌కి రెండు పక్కలా ఒకటే ద్రావణం పోశాం: పీహెచ్ 14 దగ్గర పొటాషియం హైడ్రాక్సైడ్‌లో కరిగించిన డైహైడ్రాక్సీ ఆంత్రాక్వినోన్ (ఎలక్ట్రాన్లని దాచుకునే అణువు, పొట్టిగా క్వినోన్). కెపాసిటీని సైకిళ్ల (ఒకసారి చార్జ్, ఒకసారి డిశ్చార్జ్ అయితే ఒక సైకిల్) లెక్కన గీస్తే గ్రాఫ్ ముచ్చటగా ఉంది. అదే డేటాని గంటల లెక్కన గీశాక ఉత్సాహం కాస్తా చల్లబడింది. గబగబా చార్జ్ చేసి వందల సైకిళ్లు తిప్పి, ఇంత మిగిలిందని చెప్పుకునే పేపర్లంటే నాకు ఒళ్లు మంట. రోజుకి 0.1 శాతం పోతుందంటే వినడానికి ఎంతో లేదు గానీ, ఏడాది తిరిగేసరికి దాదాపు 30 శాతం హరించుకుపోతుంది. గ్రిడ్‌కి పెట్టే బ్యాటరీ ఏళ్ల తరబడి నడవాలి మరి.

అసలు విషయం రెండో సీసాలో దొరికింది. చార్జ్ చేసిన ద్రావణం కొంత తీసి, కరెంటు ఇవ్వకుండా, ఆక్సిజన్ తగలని గ్లవ్‌బాక్స్‌లో ఊరికే ఉంచాం. ఇవాళ దాని ఎన్‌ఎమ్‌ఆర్ (ఏ అణువులున్నాయో చూపే పరీక్ష) తీస్తే ఆంత్రోన్ (పాడైపోయిన క్వినోన్) పీకులు స్పష్టంగా కనిపించాయి. అంటే తిప్పినందుకు కాదు, చార్జ్ అయి కూర్చున్నందుకే పాడవుతోంది. ఎలక్ట్రాన్లు తీసుకున్న అణువులు రెండు కలిస్తే ఒకటి మళ్లీ క్వినోన్ అవుతుంది, ఇంకోటి ఆంత్రోన్‌గా మిగిలిపోతుంది. ఆ ఆంత్రోన్లు జతకట్టాయా, ఇక వెనక్కి రావు. జతకట్టక ముందే గాలి తగిలితే మాత్రం ఆక్సిజన్ దాన్ని తిరిగి క్వినోన్ చేసేస్తుంది. మామూలుగా ఆక్సిజన్ చొరబడకుండా చూడటానికే మా ప్రాణాలు పోతాయి, ఇక్కడేమో అదే మందు!

"మీ అణువు చచ్చిపోతుంది మేడమ్, మా వనాడియం ఎక్కడికి పోతుంది?" అన్నాడు వనాడియం లోహంతో ఫ్లో బ్యాటరీ చేసే పక్క బెంచి అబ్బాయి. నిజమే, మెంబ్రేన్ (సెల్ రెండు పక్కల్నీ వేరుచేసే పొర) దాటినా అది వనాడియమే, మళ్లీ సరిచేసుకోవచ్చు. 1980లలో ఆస్ట్రేలియాలో మరియా స్కిల్లాస్ కజాకోస్ బృందం మొదలుపెట్టిన ఆ రసాయనం ఇంకా నిలబడి ఉందంటే ఊరికే కాదు. కానీ వేడి 40 డిగ్రీలు దాటితే పాజిటివ్ వైపు పసుపు ద్రావణంలోంచి ఆక్సైడ్ అడుగున పేరుకుంటుంది కదా, అన్నాను. నవ్వి ఊరుకున్నాడు. వనాడియం ధర సంగతి ఇద్దరం ఎత్తలేదు.

మా క్వినోన్‌లోని హైడ్రాక్సీల చోట ఈథర్ గొలుసు, దాని చివర కార్బాక్సిలేట్ తగిలిస్తే పీహెచ్ 12లోనే బాగా కరుగుతుంది, ఆయుష్షూ చాలా పెరుగుతుంది. 2018లో హార్వర్డ్ వాళ్లు చూపించారు. అయితే ఆ గొలుసు అతికించడానికి అదనపు సింథసిస్ ఖర్చు. చవక అణువుని బతికించుకోవడమా, గట్టి అణువుకి డబ్బు పెట్టడమా? నా ఓటు ప్రస్తుతానికి మొదటిదానికే.

రేపటి సెల్‌ని నిండా చార్జ్ చెయ్యకుండా కాస్త ముందే ఆపాలి. పూర్తిగా డిశ్చార్జ్ అయ్యాక కాసేపు గాలి పంపి చూడాలి. కొత్త మెంబ్రేన్ ముక్క ఇప్పుడే నానబెట్టి వచ్చాను.