తోడు చచ్చిపోయిన రీలు

జనవరిలో ఒక ఆదివారం పొద్దున ఫిల్మ్ కెమెరా పట్టుకుని హైదరాబాద్‌ల సంతోష్‌నగర్ దగ్గర పైగా టూంబ్స్‌కి (పైగా నవాబుల సమాధులకి) పోయి ఒక రీలు మొత్తం, 36 ఫ్రేములు, ఒక్క పూటలో తీసిన. ఇల్ఫర్డ్ కంపెనీ బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ పాన్ ఎఫ్ ప్లస్, ఐఎస్ఓ 50, అంటే వెలుతురు ఎక్కువ కావాల్సిన స్లో రకం. ఇంత స్లో ఫిల్మ్ నీకెందుకురా అనేటోళ్ళకి అక్కడి జాలీలే (చిల్లుల నగిషీ తెరలే) జవాబు, ఎంత పెద్దగ చేసి చూసినా గ్రెయిన్, అంటే బొమ్మలో ఇసుక లెక్క కనిపించే చుక్కలు, అడ్డం రాదు, గచ్చు మీద గీతలు గీతల్లాగనే ఉంటయ్. ఎండలో లెన్స్ కంత ఎఫ్/16, షట్టర్ 1/60 సెకన్ పెట్టుకుంటే హాయి. తిప్పలంతా వరండా నీడలోకి వచ్చినంకనే, అక్కడ 1/15కి దిగి స్తంభానికి ఆనుకుని ఊపిరి బిగబట్టి కొట్టాలె. ఆ నీడలోనే వాచ్‌మన్ చాచా టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని కూర్చున్నడు, ఒకటి తీసిన, ప్రింట్ తెచ్చిస్తా అని మాట కూడా ఇచ్చిన.

తర్వాత తెలివితక్కువ పని చేసిన. నాలుగు రీళ్ళు జమైనంక ఒకేసారి కడుగుదాం (డెవలప్ చేద్దాం), కెమికల్ కలిసొస్తది అనుకుని బ్యాగ్‌లోనే వదిలేసిన, చెల్లి పెళ్ళి వచ్చింది, ఇల్లు సర్దుతూ ఎవరో ఆ బ్యాగ్ తీసి సజ్జ మీద పడేసిన్రు. మాది పై ఫ్లోరు, సజ్జకి మీద స్లాబే, మే నెలలో అక్కడ చెయ్యి పెడితే పెనం మీద పెట్టినట్టే ఉంటది. అక్టోబర్‌లో దిగింది బ్యాగు.

కడుగుడు మాత్రం పద్ధతిగనే చేసిన. రోడినాల్ అనే డెవలపర్ 1+50, అంటే 10 మి.లీ. మందుకి 500 మి.లీ. నీళ్ళు, 20 డిగ్రీల దగ్గర 11 నిమిషాలు. మన ట్యాప్ తిప్పితే అక్టోబర్‌లో కూడా 28 వస్తుండె, అందుకని బకెట్‌లో ఐస్ వేసి అందులో సీసాలు నిలబెట్టిన (మందులో డైరెక్ట్‌గ ఐస్ వెయ్యొద్దు, పలుచనైతది). "ఫ్రిజ్‌ల ఐస్ అంతా నీ బాత్రూమ్ పాలేనా" అని అమ్మ ఒకటే గొడవ. ఫిక్సర్ (బొమ్మని నిలబెట్టే మందు) అయినంక రీలు విప్పి ట్యూబ్‌లైట్‌కి ఎత్తి పట్టుకుంటే గుండె జారింది. ఎండలో తీసినవి ఏదో ఉన్నయ్ అన్నట్టు పలుచగ ఉన్నయ్, నీడలో తీసినవైతే అద్దం లెక్క ఖాళీ. ఫిల్మ్ అంచున ఉండే పేరూ నంబర్లూ కూడా దాదాపు కనిపిస్తలేవు. ఈ ఫిల్మ్‌కి అవి మామూలుగనే లేతగ ఉంటయ్ గానీ మరీ ఇట్ల ఎప్పుడూ చూడలే. అవి ఫ్యాక్టరీలో వెలుతురు కొట్టించి అచ్చేసినవి, ఎక్స్‌పోజర్‌తో సంబంధం లేనివి, అవి కూడా పోయినయంటే తప్పు వెలుతురు కొలిచే నా మీటర్‌ది కాదన్నట్టే.

లోపల ఏమైతదంటే, వెలుతురు పడ్డప్పుడు ఫిల్మ్ పూతలో ఉండే సిల్వర్ బ్రోమైడ్ గింజ మీద నాలుగైదు వెండి అణువుల చుక్క ఒకటి ఏర్పడతది, కంటికి ఏం కనిపించదు. అది పాలల్లో వేసిన తోడు లాంటిది. డెవలపర్ వచ్చి ఆ చుక్కని పట్టుకునే గింజ మొత్తాన్ని వెండి చేస్తది. వేడికీ తేమకీ గాల్లో ఆక్సిజన్‌కీ ఆ చుక్క కొంచెం కొంచెం కరిగిపోతది, ఎండ బాగ తగిలిన చోట చుక్కలు ఎక్కువ కాబట్టి కొన్నన్నా మిగులుతయ్, నీడలో బొటాబొటిగ ఏర్పడినవి ముందు పోతయ్. తోడు చచ్చినంక ఎంతసేపు పెట్టినా పెరుగు కాదు కదా, ఇదీ అంతే, 11 నిమిషాలు కాకుండ 15 ఇచ్చినా ఆ చాచా తిరిగి రాడు. అన్ని ఫిల్ములూ ఇంత సున్నితం కావు, పాన్ ఎఫ్‌కి ఇది పాత జబ్బు, 3 నెలల్లోపు కడగమని ఇల్ఫర్డ్ వాళ్ళే చెప్తరు. నాకు తెలుసు కూడా. తెలిసే చేసిన.

చలి ఏం చేస్తదో చూడాలంటే స్వీడన్ ఆయన ఆండ్రే కథ ఉంది, 1897లో ఇంకో ఇద్దరితో బెలూన్‌లో ఉత్తర ధ్రువానికి బయల్దేరి ముగ్గురూ చనిపోయిన్రు, 1930లో ఒక దీవిలో వాళ్ళ ఆనవాళ్ళు దొరికితే 33 ఏళ్ళు మంచులో ఉన్న ఆ ఫిల్ముల నుంచి 90కి పైగా బొమ్మలు తీయగలిగిన్రు. నాది తొమ్మిది నెలలు. కాకపోతే సజ్జ.

ఇప్పుడు తీసిన వారంలోపే కడుగుతున్న, ఒక్క రీలైనా సరే. కుదరకపోతే రీలుని దాని డబ్బాలో పెట్టి, సిలికా జెల్ పొట్లం వేసి, గాలి తీసేసి జిప్ కవర్‌లో ఫ్రిజ్‌లోకి, కరివేపాకు డబ్బా పక్కన. వానాకాలం అయితే ఏసీ గదిలో కవర్ మూస్తున్న, లేకపోతే తేమని కూడా మనమే లోపల ప్యాక్ చేసినట్టైతది. బయటికి తీసినంక రెండు మూడు గంటలు కవర్ విప్పొద్దు, చల్లటి ఫిల్మ్ మీద చెమ్మ పడతది.

అదే ప్యాకెట్‌లోంచి ఫ్రిజ్‌లో మిగిలిపోయిన ఇంకో రీలు ఉండె. మొన్న ఆదివారం దాన్ని తీసుకుని మళ్ళీ పోయిన. చాచా అదే వరండాలో ఉన్నడు, నన్ను గుర్తుపట్టి "మేరా ఫోటో?" అన్నడు. పాత నెగటివ్‌ని స్కాన్ చేసినది ఫోన్‌లో చూపించిన, ఎంత పెంచినా నల్లటి నీడలో మిగిలింది టిఫిన్ డబ్బా మూత మీద మెరుపొక్కటే. చాచా ఫోన్ దగ్గరికి తీసుకుని కాసేపు చూసి, డబ్బా నాదే అన్నడు.

కొత్తది తీసిన. రాత్రికే ఐస్ పెట్టిన.