వైజాగ్ తిరిగొస్తున్నారా? 401కె డబ్బు తొందరపడి తీయకండి

మా ఎంవీపీ కాలనీలో అమెరికా నుంచి తిరిగొచ్చినవాళ్లు కనిపిస్తే చాలు, అందరిదీ ఒకటే టెన్షన్: అక్కడి 401కె (ఉద్యోగంలో ఉండగా కూడబెట్టిన రిటైర్మెంట్ ఖాతా) ఏం చేయాలి? దయచేసి మొత్తం ఒకేసారి తీసేయకండి. యాభై తొమ్మిదిన్నర ఏళ్లు నిండకముందే తీస్తే మామూలు పన్నుకి తోడు చాలా సందర్భాల్లో 10 శాతం అదనపు పన్ను పడుతుంది, ఇన్నేళ్ల కష్టార్జితం అలా పోతుంటే నాకు మనసొప్పదు.

అసలు చిక్కు ఇక్కడుంది. పన్ను లెక్కల్లో మనం ఇండియాకి పూర్తి రెసిడెంట్ అయ్యాక ఖాతాలో ఏటా పెరిగేదానికి ఇక్కడ అప్పుడే పన్ను, అమెరికాలోనేమో తీసినప్పుడు పన్ను. ఏళ్లు కలవకపోతే అక్కడ కట్టినదాన్ని ఇక్కడి పన్నులో తగ్గించుకోవడం (క్రెడిట్) నరకం. అందుకే 2021లో మన ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ 89ఏ తెచ్చారు, అమెరికా, బ్రిటన్, కెనడా ఖాతాలకు వర్తిస్తుంది. రిటర్న్ గడువులోపు దీన్ని ఎంచుకుంటూ ఫారం ఇస్తే అక్కడ పన్ను పడే ఏడాదే ఇక్కడా పడుతుంది. 2026 ఏప్రిల్ నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం కాబట్టి సెక్షన్ నంబర్లు సీఏని అడిగి సరిచూసుకోండి. ఒకసారి ఎంచుకుంటే మాత్రం వెనక్కి తీసుకోలేం.