స్ట్రెచర్ మీద నుంచి

అక్టోబరు, గురువారం రాత్రి

ఇప్పుడే రెండోసారి తలస్నానం చేశాను. జుట్టు మొదళ్ళలో పూసిన ఎర్రరంగు ఇంకా కొంచెం దువ్వెనకి వస్తూనే ఉంది. ఈరోజు ఇక్కడ అమెరికాలో మా యూనివర్సిటీ రియాక్టర్‌లో ఏటా జరిగే ఎమర్జెన్సీ డ్రిల్. అందులో గాయపడిన మనిషి వేషం నాది. ఒళ్ళంతా అలసటగా ఉంది కానీ రేపటికి సగం మరిచిపోతాను, అందుకే ఈ రాత్రే రాస్తున్నాను.

రియాక్టర్ అనగానే అందరికీ ఆవిరి కక్కే పెద్ద పెద్ద టవర్లు గుర్తొస్తాయి. మాది అలా ఉండదు. ఇటుక గోడల భవనం, బయట సైకిళ్ళు పెట్టే చోటు. లోపల దాదాపు ఏడు మీటర్ల లోతు నీళ్ళ తొట్టి, దాని అడుగున ట్రైగా రకం రియాక్టర్. ఒక్క మెగావాట్. కరెంటు తయారుచేసే పెద్ద రియాక్టర్లలో పుట్టే వేడి మూడు వేల మెగావాట్లు ఉంటుంది, దాంతో పోలిస్తే ఇది ఎంత చిన్నదో చూడండి. నేను ఆపరేటర్‌ని కాను. నది ఒడ్డు మట్టిలో ఆర్సెనిక్ ఎంత ఉందో కొలవడం నా పీహెచ్‌డీ పని. మట్టిని వేలెడంత ప్లాస్టిక్ సీసాల్లో నింపి ఇస్తే వాళ్ళు రియాక్టర్ దగ్గర పెడతారు. న్యూట్రాన్లు తగిలి ఆర్సెనిక్ కాస్తా ఆర్సెనిక్-76గా మారుతుంది. దాని అర్ధాయువు 26 గంటలు, అంటే అంతసేపట్లో అది సగానికి తగ్గిపోతుంది. అది విడిచే గామా కిరణాలను లెక్కపెడితే మట్టిలో ఆర్సెనిక్ ఎంతో తేలిపోతుంది. నాలుగేళ్ళుగా వారానికి ఒకసారైనా ఆ తలుపు దాటి వెళ్తున్నాను.

డ్రిల్‌కి వలంటీర్ కావాలని బోర్డు మీద కాగితం అంటించినప్పుడు ముందుగా పేరు రాసింది నేనే. దానికి కారణం మా పెద్దమ్మ. 2020 మే 7న, లాక్‌డౌన్ రోజుల్లో, తెల్లవారుజామున మూడు గంటలకి విశాఖ శివార్లలోని వెంకటాపురంలో ఒక ఫ్యాక్టరీ ట్యాంకులోంచి స్టైరీన్ అనే ప్లాస్టిక్ రసాయనం ఆవిరై బయటికి వచ్చింది. పన్నెండు మంది పోయారు. పెద్దమ్మ వాళ్ళది ఆ పక్క కాలనీ. కళ్ళు మండుతుంటే లేచి, చీర కొంగు తడిపి ముక్కుకి పెట్టుకుని, ఎటు వెళ్ళాలో తెలియక జనం పరిగెడుతున్న వైపే తనూ పరిగెత్తింది. రోడ్డు మీద మనుషులు పడిపోయి ఉన్నారట. ఆ రోజు గురించి ఎప్పుడు మాట్లాడినా ఆవిడ ఒక మాట దగ్గరే ఆగిపోతుంది: "సైరన్ మోగలేదే." గాలి ఎటు వీస్తోందో, ఎటు పరిగెత్తకూడదో చెప్పేవాళ్ళు ఒక్కరూ లేరు. అప్పటి నుంచి నేను పనిచేసే ఏ చోటైనా, ముందు సైరన్ ఎక్కడుందో చూసుకోవడం నాకు అలవాటైపోయింది.

పొద్దున ఎనిమిదిన్నరకే వెళ్ళాను. నుదుటికి దెబ్బ, కుడి తొడ ఎముక విరిగినట్టు మేకప్ వేశారు. చేతుల మీద, షర్టు మీద ఒక పొడి చల్లారు. మామూలు వెలుతురులో కనిపించదు, నల్ల లైటు (అతినీలలోహిత దీపం) వేస్తే మెరుస్తుంది. రేడియోధార్మిక ధూళి బదులు అది. మెడలో ఒక కార్డు వేశారు: నాడి 124, బీపీ 88/50. కథ ఏమిటంటే, నేను నిచ్చెన మీద నుంచి శాంపిల్ సీసాతో సహా పడ్డాను, సీసా పగిలింది, రక్తం పోతోంది. ఆకుపచ్చ కోటు వేసుకున్నవాళ్ళు పరిశీలకులు, వాళ్ళతో ఎవరూ మాట్లాడకూడదు. రేడియేషన్ కొలిచే మీటరు నా దగ్గరికి తెచ్చినప్పుడు ఎంత చూపించాలో వాళ్ళే చీటీ మీద రాసి చూపిస్తారు. ఫోన్లో, రేడియోలో మాట్లాడే ప్రతి మాటకి ముందూ వెనకా "ఇది డ్రిల్" అని చెప్పి తీరాలి. ఊళ్ళో ఎవరైనా పొరపాటున వింటే భయపడకూడదని.

పది గంటల ఐదు నిమిషాలకి సైరన్ మోగింది.

నేల మీద వెల్లకిలా పడుకుని వింటే ఆ మోత వీపులోకి దిగుతుంది. డ్రిల్ అని తెలుసు, అయినా నా గుండె నిజంగానే కొట్టుకుంది. కంట్రోల్ రూమ్‌లో ఆపరేటర్ స్క్రామ్ బటన్ నొక్కి ఉంటాడు. ఆ బటన్ నొక్కితే కంట్రోల్ రాడ్లను పైన పట్టుకుని ఉన్న అయస్కాంతాలకి కరెంటు ఆగుతుంది, రాడ్లు వాటి బరువుకి అవే కిందికి జారి రియాక్టర్‌ని ఆపేస్తాయి. ఒక సెకను పని. ఆ తర్వాత కూడా ఇంధనంలో ఆరేడు శాతం వేడి మిగిలే ఉంటుంది. మాది ఒక మెగావాటే కాబట్టి అరవై డెబ్బై కిలోవాట్లు, అదీ గబగబా తగ్గిపోతుంది. దానికి పంపు అక్కర్లేదు, తొట్టిలో నీళ్ళు చాలు.

మనుషులు వెళ్ళిపోయిన చప్పుడు వినిపించింది. తలుపులు, అడుగులు, ఆపైన ఏమీ లేదు. బయట పార్కింగ్ పక్కన అందరూ గుమిగూడే చోట తలలు లెక్కపెడతారు. లోపలికి వెళ్ళేటప్పుడు పేరు రాసే పుస్తకం, డోసిమీటర్లు (ఒంటికి తగిలిన రేడియేషన్ కొలిచే బిళ్ళలు) తగిలించే బోర్డు, ఈ రెండూ చూసి ఎవరు తక్కువయ్యారో పట్టుకోవాలి. నేను లేనని రెండు నిమిషాల్లో గుర్తించారు. ఆ బోర్డు మీద నా పేరున్న కొక్కెం ఖాళీగా ఉండటమే ఆధారం. ప్రతిసారీ విసుక్కుంటూ తగిలించే ఆ చిన్న బిళ్ళ నన్ను వెతికిపెట్టే వస్తువని ఈరోజు దాకా నాకు తట్టలేదు.

రేడియేషన్ సేఫ్టీ వాళ్ళు ఇద్దరు మీటర్లతో ముందు వచ్చారు. ఒకామె నేరుగా వచ్చి నా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, తొడ మీద గట్టిగా అదిమి పట్టి, "నేనిక్కడే ఉన్నాను, పేరు చెప్పండి" అంది. రెండో అతను మీటరు చూసుకుంటూ అంకెలు చెప్తున్నాడు. ఆ వరస సరైనది. ముందు ఊపిరి, రక్తం. రేడియేషన్ సంగతి ఆ తర్వాత.

ఇబ్బంది ఫైర్ వాళ్ళు వచ్చాక మొదలైంది. స్ట్రెచర్‌తో గుమ్మం దాకా వచ్చి అక్కడే ఆగిపోయారు. లోపల రేడియేషన్ ఎంతుందో కాగితం మీద రాసిస్తే గానీ అడుగుపెట్టం అన్నారు. సేఫ్టీ ఆమె అంకె చెప్పింది. ఆ అంకెకి అర్థం ఏమిటో వాళ్ళకి తెలియలేదు. మళ్ళీ చెప్పింది. వాళ్ళలో ఒక కుర్రాడు, ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో, నా వైపు చూసి చూపు తిప్పేసుకున్నాడు. నాకు ఆ చూపు కోపం తెప్పించలేదు, దిగులేసింది. నాలుగు నిమిషాలు. మెడలో ఉన్న కార్డు ప్రకారం నాకు అంత టైమ్ లేదు.

అక్కడ ఉన్నది ఎంత? పగిలిన ఒక్క సీసా మట్టి. రేడియేషన్ పనుల్లో ఉన్నవాళ్ళకి అమెరికాలో ఏడాదికి 50 మిల్లీసీవర్ట్‌ల హద్దు (ఒంటికి తగిలే రేడియేషన్ మోతాదుకి అది కొలత). ప్రాణం కాపాడే పనైతే 250 దాకా అనుమతిస్తారు. నా బట్టల మీద ధూళి వల్ల మోసేవాళ్ళకి తగిలేది ఆ హద్దుల దరిదాపుల్లోకి కూడా రాదు. బట్టలు కత్తిరించి సంచిలో వేసి మూతి కట్టేస్తే ఒంటి మీద ఉన్న ధూళిలో ఎక్కువ భాగం దాంతోనే పోతుంది. ఇదంతా తెలిసినవాళ్ళు భవనంలో ఉన్నారు, తెలియాల్సినవాళ్ళు గుమ్మంలో ఉన్నారు. ఆ గుమ్మం దాటించడానికే కదా ఈ డ్రిల్.

ఆసుపత్రిలో మాత్రం చాలా బాగా చేశారు. అంబులెన్స్ ఆగే చోటు నుంచి గది దాకా నేల మీద ప్లాస్టిక్ పరిచి అంచులకి టేపు వేసి ఉంచారు. గీత గీసి, ఇటువైపు వాళ్ళు అటు వెళ్ళకుండా కాపలా పెట్టారు. నన్ను రెండు దుప్పట్లలో చుట్టే తెచ్చారు, ధూళి రాలకుండా. డాక్టరు ముందు బీపీ చూసింది, సెలైన్ పెట్టినట్టు చేసింది, అప్పుడు గాని మీటరు పట్టుకున్నతన్ని పిలవలేదు. కడగడంలోనూ వరస ఉంది: మొదట గాయం, తర్వాత నోరు, ముక్కు, ఆ తర్వాత మామూలు చర్మం. గోరువెచ్చని నీళ్ళు, మామూలు సబ్బు. గట్టిగా రుద్దకూడదు, చర్మం గీరుకుంటే ధూళి లోపలికి పోతుంది. ఒక నర్సు టెనెస్సీలోని ఓక్ రిడ్జ్‌కి ఫోన్ కలిపింది. రేడియేషన్ గాయాల మీద సలహా ఇచ్చే డాక్టర్లు అక్కడ రాత్రీపగలూ అందుబాటులో ఉంటారు. నల్ల లైటు వేసినప్పుడు నా చేతుల మీద ఇంకా మూడు చోట్ల మెరిసింది. అంబులెన్స్ డ్రైవర్ మోచేతి మీద కూడా. అతను చాలాసేపు ఆ మరక వైపే చూస్తూ ఉండిపోయాడు.

మధ్యాహ్నం రెండింటికి అందరం ఒక గదిలో కూర్చున్నాం. రియాక్టర్ వాళ్ళు, క్యాంపస్ పోలీసులు, ఫైర్, ఆసుపత్రి. ఏం తప్పు జరిగిందో ఎవరిది వాళ్ళే చెప్పాలి. ఫోన్ల జాబితాలో ఒక నంబరు వసంతకాలంలో రిటైరైన ఆయనది. అంబులెన్స్ దక్షిణం గేటుకి బదులు తూర్పు గేటుకి వెళ్ళింది, అక్కడ రోడ్డు పని జరుగుతోంది. బయట ఉంచే ఎమర్జెన్సీ పెట్టెలో టార్చి బ్యాటరీలు అయిపోయాయి. ఇవన్నీ వింటుంటే నాకు చాలా ధైర్యం వచ్చింది. ఎవరూ దాచలేదు, ఎవరూ ఇంకొకరి మీదికి తోయలేదు.

రియాక్టర్ సూపర్‌వైజర్ ఎప్పటిలాగే 2021 ఫిబ్రవరి 3 గురించి చెప్పారు. మేరీల్యాండ్‌లో ఎన్ఐఎస్‌టీ అనే ప్రభుత్వ సంస్థ రియాక్టర్, 20 మెగావాట్లు. అంతకు నెల ముందు ఇంధనం మార్చినప్పుడు ఒక ఇంధన కడ్డీల కట్టకి గొళ్ళెం సరిగ్గా పడలేదు. తిరిగి నడుపుతుంటే అది స్థానం నుంచి కదిలి, చల్లబరిచే నీళ్ళు సరిగ్గా అందక వేడెక్కి దెబ్బతింది. రేడియేషన్ మీటర్లు పసిగట్టి రియాక్టర్ ఆగిపోయింది. "అలర్ట్" ప్రకటించారు. సిబ్బంది కొందరిని కడిగి శుభ్రం చేయాల్సి వచ్చింది. బయటివాళ్ళకి తగిలిన మోతాదు హద్దులకి చాలా తక్కువే. అయినా మళ్ళీ నడపడానికి 2023 మార్చి దాకా పట్టింది. ఒక్క గొళ్ళెం. మా రియాక్టర్‌కి లెక్కలో తీసుకునే అతి పెద్ద ప్రమాదం ఒక ఇంధన కడ్డీ నీళ్ళలోంచి బయట ఉండగా పగలడం. దాన్ని లెక్కేసే, 2 మెగావాట్లు మించని రియాక్టర్లకి ఎమర్జెన్సీ ప్లాన్ హద్దు వాటి ఆవరణతోనే ఆగుతుంది. పెద్ద కరెంటు రియాక్టర్లకి అదే 10 మైళ్ళు. హద్దు చిన్నదని పని చిన్నది కాదు అని ఆయన నమ్ముతారు. నేనూ నమ్ముతాను.

నన్ను కూడా మాట్లాడమన్నారు. గుమ్మం దగ్గర నాలుగు నిమిషాల గురించి చెప్పాను. గొంతు వణికింది. పడుకున్నవాళ్ళకి వినపడేది మీటరు చప్పుడు కాదు, మీరు వస్తున్నారా లేదా అన్నదే అన్నాను. గది కాసేపు నిశ్శబ్దంగా ఉంది. బయటికి వచ్చేటప్పుడు ఆ కుర్రాడు నా దగ్గరికి వచ్చి, మీటరు చదవడం ఎవరు నేర్పిస్తారని అడిగాడు. సేఫ్టీ ఆమె దగ్గరికి తీసుకెళ్ళాను. వచ్చే నెల వాళ్ళ స్టేషన్‌కే వచ్చి రెండు పూటలు నేర్పుతానంది. క్యాలెండర్‌లో తేదీ రాసుకున్నాకే వాళ్ళిద్దరూ కదిలారు.

సాయంత్రం ఇంటికి వచ్చి అమ్మకి వీడియో కాల్ చేశాను. నుదుటి మీద రంగు చూసి భయపడింది. "అమ్మడూ, ఆ అణు రియాక్టర్ దగ్గరికి నువ్వు పోకపోతే ఏం?" అంది. ట్రైగా సంగతి మళ్ళీ చెప్పాను. దాని ఇంధనంలో యురేనియంతో పాటు హైడ్రోజన్ కలిసి ఉంటుంది. ఇంధనం వేడెక్కితే ఆ హైడ్రోజన్ న్యూట్రాన్లని నెమ్మదింపజేయలేదు, న్యూట్రాన్లు వేగంగా ఉంటే విచ్ఛిత్తి, అంటే యురేనియం పరమాణువులు చీలడం, తగ్గిపోతుంది. అందుకే వేడి పెరిగితే దానంతట అదే తగ్గుతుంది. 1950లలో శాన్ డియాగోలో దీన్ని తయారుచేసినవాళ్ళు, మనిషి తప్పు చేసినా పదార్థమే అడ్డుపడాలని పట్టుబట్టి ఇలా చేశారు. అమ్మ విని, "మరి అంత మంచిదైతే ఈ డ్రిల్ ఎందుకు?" అంది. నిచ్చెన మీద నుంచి పడితే హైడ్రోజన్ పట్టుకోదు కదమ్మా అన్నాను.

వెనక మంచం మీద పెద్దమ్మ కూర్చుని ఉంది. పండగకి వచ్చిందట. ఇంతసేపూ వింటూనే ఉంది కానీ ఏమీ అనలేదు. అమ్మ చేతిలోంచి ఫోన్ తీసుకుని దగ్గరికి పెట్టుకుంది.

"సైరన్ మోగిందా?" అంది.

"మోగింది పెద్దమ్మా. రోడ్డు దాకా వినిపించిందట."

"అందరికీ ఎటు వెళ్ళాలో తెలుసా?"

"తెలుసు. జెండా చూసి గాలికి ఎదురుగా వెళ్ళారు."

ఆవిడ కాసేపు అలాగే ఫోన్ పట్టుకుని కూర్చుంది.