పేజీలో తెలుగు చెడిందా? ముందు చెడిన తీరు చూడండి

సైటులో తెలుగు సరిగ్గా రావడం లేదనగానే చాలామంది ముందు ఫాంటు మారుస్తారు. చాలాసార్లు ఆ గొడవకూ ఫాంటుకూ సంబంధమే ఉండదు. తెలుగు చెడే తీరులు ఐదారుకు మించవు: డబ్బాలు, ఇంగ్లిష్ గజిబిజి, ప్రశ్నార్థకాలు, చుక్కల సున్న, తెగిన వత్తులు. తెర మీద వీటిలో ఏది కనిపిస్తోందో చూసుకుంటే తప్పు డేటాబేసులో ఉందా, కోడ్‌లో ఉందా, సీఎస్‌ఎస్‌లో ఉందా అన్నది దాదాపు తేలిపోతుంది.

అక్షరానికో డబ్బా వస్తుంటే అది నిజంగానే ఫాంటు సమస్య. ఇప్పటి కంప్యూటర్లలో ఇది అరుదు. విండోస్‌లో నిర్మలా యూఐ, మాక్‌లో కోహినూర్ తెలుగు, ఆండ్రాయిడ్‌లో నోటో ఎలాగూ ఉంటాయి. డబ్బాలు ఎక్కువగా వచ్చేది సర్వర్‌లో తయారయ్యే పీడీఎఫ్‌లలో, స్క్రీన్‌షాట్లలో. లినక్స్ సర్వర్‌లో, డాకర్ ఇమేజ్‌లో తెలుగు ఫాంటు ఉండకపోవచ్చు. నోటో శాన్స్ తెలుగు ఇన్‌స్టాల్ చేస్తే సరి. ఫాంటు పెట్టాక కూడా వత్తులు కింద కూర్చోకుండా పొల్లుతో పక్కపక్కన వస్తున్నాయంటే ఆ పీడీఎఫ్ లైబ్రరీకి అక్షరాలు కూర్చడం రాదన్నమాట. దానితో కుస్తీ పట్టకండి. పేజీని హెడ్‌లెస్ క్రోమ్‌తో (కిటికీ తెరవకుండా నడిచే క్రోమ్‌తో) పీడీఎఫ్‌గా తీయించండి. పీహెచ్‌పీలోనే చేయాలంటే ఎంపీడీఎఫ్‌లో ఓటీఎల్ (అక్షరాలు కూర్చే సదుపాయం) ఆన్ చేయండి.

ఇక గజిబిజి. యూటీఎఫ్-8 అంటే అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి. అందులో ప్రతి తెలుగు సంకేతానికీ, అంటే హల్లుకూ గుణింతానికీ పొల్లుకూ విడివిడిగా, మూడు బైట్లు పడతాయి. వాటిలో మొదటి బైటు మొత్తం తెలుగుకు ఒక్కటే. రెండోది రెండింటిలో ఏదో ఒకటి. ఈ బైట్లను ఎవరైనా విండోస్-1252 అనే పాత పద్ధతి అనుకుని చదివితే మొదటిది నెత్తిన ఏటవాలు గీత ఉన్న ఇంగ్లిష్ చిన్న 'ఏ'గా, రెండోది ° గానో ± గానో కనిపిస్తుంది. పేజీ నిండా ఈ జత మళ్లీ మళ్లీ వస్తోందంటే తెలుగు ఎక్కడికీ పోలేదు, చదివేవాళ్లు తప్పుగా చదువుతున్నారంతే. హెచ్‌టీఎంఎల్‌లో మెటా చార్‌సెట్ ట్యాగు ఫైలు మొదటి 1024 బైట్లలోపే ఉండాలి. దానికి ముందు పెద్ద స్క్రిప్టో కామెంటో పెట్టకండి. ట్యాగు సరిగ్గా ఉన్నా గజిబిజి పోలేదా? బ్రౌజర్ నెట్‌వర్క్ ట్యాబ్‌లో కంటెంట్-టైప్ హెడర్ చూడండి. హెడర్ ఒకటి, ట్యాగు ఒకటి చెబితే బ్రౌజర్ వినేది హెడర్ మాటే.

ఎక్సెల్‌లో ఇదే గజిబిజి వస్తే సీఎస్‌వీ మీద డబుల్ క్లిక్ మానేసి, డేటా మెనూలో 'ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ' ద్వారా తెరిచి, ఫైల్ ఆరిజిన్ దగ్గర 65001 యూటీఎఫ్-8 ఎంచుకోండి. ఆ సీఎస్‌వీని మీ కోడే తయారు చేస్తుంటే ఫైలు మొదట్లో బీఓఎం గుర్తు (ఫైలు యూటీఎఫ్-8 అని చెప్పేది) రాయించండి, డబుల్ క్లిక్‌తోనే తెలుగు వస్తుంది. అలాగని అన్నిచోట్లా బీఓఎం పెట్టేయకండి. పీహెచ్‌పీ ఫైలు మొదట్లో అది ఉంటే 'హెడర్స్ ఆల్రెడీ సెంట్' ఎర్రర్ వస్తుంది, కారణం మాత్రం ఎడిటర్‌లో కంటికి కనబడదు.

వరసగా ప్రశ్నార్థకాలు వస్తే మాత్రం కంగారు పడాల్సిందే. తెలుగు పట్టని చోట తెలుగు రాయబోతే ఒక్కో సంకేతం స్థానంలో ఒక్కో ప్రశ్నార్థకం చేరుతుంది. 'స్త్రీ' మనకు ఒక్క అక్షరమే. కంప్యూటర్‌కు అది స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం, మొత్తం ఆరు. అందుకే ఒక్క అక్షరం పోయిన చోట ఆరు ప్రశ్నార్థకాలు కనబడతాయి. డేటాబేసులో అలా పడ్డాక అసలు పాఠం తిరిగి రాదు, బ్యాకప్ ఒక్కటే దిక్కు. గజిబిజిని విప్పుకోవచ్చు, దీన్ని విప్పలేం. మైఎస్‌క్యూఎల్‌లో ఇలా కావడానికి మామూలు కారణం టేబుల్ లాటిన్1లో (తెలుగు పట్టని పాత చార్‌సెట్‌లో) ఉండటం, లేదా టేబుల్ సరిగ్గానే ఉన్నా కనెక్షన్ చార్‌సెట్ చెప్పకపోవడం. రెండు చోట్లా యూటీఎఫ్8ఎంబీ4 పెట్టండి. పాత యూటీఎఫ్8 తెలుగుకు సరిపోతుంది కానీ, అందులో అక్షరానికి మూడు బైట్లే పరిమితి కాబట్టి కామెంట్‌లో ఎవరైనా ఇమోజీ పెట్టగానే తిరగబడుతుంది.

లాటిన్1 అని రాసున్న కాలమ్‌లో నిజానికి యూటీఎఫ్-8 బైట్లే ఉండి, గజిబిజిగా కనిపించే సందర్భం ఒకటుంది. దాన్ని నేరుగా యూటీఎఫ్8ఎంబీ4కి మారిస్తే గజిబిజే శాశ్వతంగా ముద్రపడుతుంది. ముందు బ్యాకప్ తీసుకుని, కాలమ్‌ను బ్లాబ్‌గా (ఉత్త బైట్లు దాచే రకంగా) మార్చి, ఆ తర్వాత యూటీఎఫ్8ఎంబీ4 టెక్స్ట్‌గా మార్చండి. బ్లాబ్ దగ్గర మైఎస్‌క్యూఎల్ బైట్ల జోలికి పోదు, కిటుకంతా అదే.

నల్ల వజ్రంలో ప్రశ్నార్థకం, చుక్కల సున్న మీద వేలాడే గుణింతం కోత వల్ల వస్తాయి. పీహెచ్‌పీలో సబ్‌స్ట్ర్ బైట్లు లెక్కపెడుతుంది. వంద బైట్ల దగ్గర కోస్తే ముప్ఫై మూడు సంకేతాలు పోగా ఒక బైటు మిగులుతుంది, అదే ఆ నల్ల వజ్రం. ఎంబీ సబ్‌స్ట్ర్ వాడితే వజ్రం పోతుంది కానీ 'స్త్రీ' కాస్తా 'స్' దగ్గర ఆగిపోవచ్చు. రెండో ముక్క గుణింతంతో మొదలైతే దానికి ఆధారం లేక చుక్కల సున్న వస్తుంది. ఇంట్ల్ అనే ఎక్స్‌టెన్షన్ ఉంటే, కంటికి కనిపించే అక్షరాల లెక్కన కోసే గ్రాఫీమ్ సబ్‌స్ట్ర్ వాడండి. జావాస్క్రిప్ట్‌లో లెంగ్త్ 'స్త్రీ'కి 6 అంటుంది. అక్షరాలు లెక్కపెట్టడానికి ఇంట్ల్ సెగ్మెంటర్ ఉంది. అయితే వత్తులతో కలిపి ఒకే అక్షరంగా చూడాలన్న నియమం 2023లో యూనికోడ్ 15.1తో వచ్చింది కాబట్టి, పాత బ్రౌజర్లు అదే 'స్త్రీ'ని మూడు ముక్కలు చేస్తాయి. సారాంశాలు చూపించడానికైతే నా ఓటు ఖాళీ దగ్గర, అంటే పదం చివర కోయడానికే.

వెతికితే దొరకని పదాలది ఇంకో బాధ. 'వెబ్‌సైట్' అని విడిగా కనిపించాలంటే పొల్లు తర్వాత కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉండాలి, లేకపోతే 'వెబ్సైట్' అయిపోతుంది. రెండూ ఒకటేనని మనకు తెలుసు, కోడ్‌కు తెలియదు. ఐత్వం కూడా అంతే. ఒకే సంకేతంగానూ రాయొచ్చు, ఎత్వానికి విడి ఐత్వపు గుర్తు చేర్చి రెండుగానూ రాయొచ్చు. చూపుకు తేడా ఉండదు. సేవ్ చేసేముందే ఎన్‌ఎఫ్‌సీకి (యూనికోడ్ చెప్పే ఒకే రూపానికి) నార్మలైజ్ చేస్తే ఐత్వం గొడవ తీరుతుంది. నాన్ జాయినర్‌ను మాత్రం అసలు పాఠంలోంచి తీసేయకండి, పదం రూపమే మారిపోతుంది. వెతకడానికి వేరే కాలమ్ పెట్టి, అందులో దాన్ని తీసేసి దాచండి. వెతికే పదానికీ అదే వడపోత వేయండి.

వత్తులు అడుగున తెగిపోతే అది అచ్చంగా సీఎస్‌ఎస్ పని. ఇంగ్లిష్ థీముల్లో హెడింగ్‌లకు లైన్ హైట్ 1.1, 1.2 ఉంటుంది. 'రాష్ట్రం' లాంటి మాట అందులో పట్టదు, కింది వరసకు తగులుతుంది. ఓవర్‌ఫ్లో హిడెన్ కూడా ఉంటే సగానికి తెగుతుంది. హెడింగ్‌లకు 1.4, పేరాలకు 1.7 దాకా ఇవ్వండి, పిక్సెల్స్ రాయకుండా ఉత్త అంకె రాయండి. బటన్లకు హైట్ బదులు మిన్-హైట్, ప్యాడింగ్ వాడండి. బోల్డ్‌లో అక్షరాల లోపలి ఖాళీలు పూడిపోతే ఫాంటులో బోల్డ్ లేదని, బ్రౌజరే దొంగ బోల్డ్ తయారు చేస్తోందని అర్థం. మండలి, ఎన్‌టీఆర్ లాంటి ఫాంట్లకు ఒకటే బరువు. హెడింగ్‌లకు నోటో శాన్స్ తెలుగు, అనేక్ తెలుగు లాంటివి పెట్టుకోండి. ఫాంటు ఫైలు సైజు తగ్గించడానికి సబ్‌సెట్ చేసేటప్పుడు జీసబ్ టేబుల్ తీసేయొద్దు, వత్తులు కూర్చేది అదే.

వర్డ్‌ప్రెస్‌లో తెలుగు శీర్షిక పెట్టాక లింకు మధ్యలోనే ఆగిపోతే బగ్ అనుకోకండి. లింకులో ఒక్కో తెలుగు సంకేతం శాతం గుర్తులతో కలిపి తొమ్మిది అక్షరాలవుతుంది, స్లగ్‌కు, అంటే లింకు చివరి ముక్కకు, ఉన్న చోటు 200. అంటే ఎంత లాగినా 22 సంకేతాలే. 'విశ్వవిద్యాలయం' ఒక్కటే 14 తినేస్తుంది. పబ్లిష్ నొక్కకముందే స్లగ్ పెట్టెలో రెండు చిన్న మాటలు మీరే రాసేయండి. తర్వాత మారిస్తే వేరేచోట్ల పంచుకున్న పాత లింకుల కోసం రీడైరెక్ట్ సంగతి కూడా చూసుకోవాల్సి రావచ్చు.